ఒంటి పట్టా మీద నడిచిన రైలు

పిల్లలూ, రైలుకు ఎన్ని పట్టాలు అని అడిగితే ఒకటో తరగతి పిల్లవాడు కూడా తడుముకోకుండా "రెండు" అంటాడు. మనం ఉండేది కోటాలో. బిలాస్‌పూర్ వైపు, కట్నీ వైపు పోయే రైళ్ళ చప్పుడు వింటూనే నిద్ర లేస్తాం, వింటూనే నిద్రపోతాం. అలాంటి మనకు ఈ ప్రశ్న మరీ చిన్నదిగా అనిపిస్తుంది.

కానీ మన దేశంలోనే ఒక రైలు ఒక్క పట్టా మీద ఇరవై ఏళ్ళ పాటు నడిచింది. గాలిలో వంతెన మీద నడిచే ఇప్పటి మోనోరైలు కాదది. మామూలు మట్టిరోడ్డు పక్కన, బొగ్గు ఇంజనుతో, పొగ వదులుతూ నడిచిన రైలు. ఇంకో విశేషం ఏమిటంటే, ఆ పద్ధతిని దానికి ముందే వాడి చూసిన చోట్లలో ఒకటి మన రైల్వే. అంటే మన ఊరి మీదుగా ఈ లైను వేసిన పాత బెంగాల్ నాగపూర్ రైల్వే. తరువాత ఆ రైలును అందరూ మరిచిపోయారు. ముప్పై అయిదేళ్ళకు దాని ఇంజన్లు ఒక షెడ్డులో బయటపడ్డాయి.

ఈ వ్యాసంలో రెండు సంగతులు చెప్పుకుందాం. ఒకటి, ఆ రైలు పడిపోకుండా ఎలా నిలబడేది? రెండు, అందరూ మరిచిపోయిన పని మళ్ళీ వెలుగులోకి ఎలా వస్తుంది? మొదటిది సైన్సు పాఠం. రెండోది బదిలీల మీద ఊళ్ళు తిరిగే మనలాంటి ఇళ్ళవాళ్ళు తప్పక తెలుసుకోవలసిన పాఠం.

ఈవింగ్ పద్ధతి

ఈ ఏర్పాటును ఈవింగ్ పద్ధతి అంటారు. దాన్ని రూపొందించిన ఈవింగ్ పేరు మీదనే ఆ పేరు వచ్చింది. రోడ్డు అంచున ఒకే ఒక పట్టా వేస్తారు. బండికి కింద ఒకే వరుసలో చక్రాలు ఉంటాయి. ఆ చక్రాలకు రెండు వైపులా అంచులు ఉంటాయి కాబట్టి అవి పట్టా మీద నుంచి అటూ ఇటూ జారవు. ఇంతవరకే అయితే బండి పక్కకు ఒరిగిపోతుంది. అందుకని బండి ఒక పక్కన బయటికి చాచిన ఇరుసుకు ఒక పెద్ద చక్రం బిగిస్తారు. అది పట్టా మీద కాదు, రోడ్డు మీద దొర్లుతుంది. బండి ఒరగకుండా చూడడమే దాని పని.

సైకిలు నేర్చుకునే పసిపిల్లల బండికి పక్కన చిన్న చక్రం బిగిస్తారు కదా. కొంచెం అలాంటిదే అనుకోండి. కాకపోతే ఇక్కడ ఒకవైపే ఉంటుంది.

"ఇంత కష్టం ఎందుకు? రెండో చక్రం రోడ్డు మీదే నడిచేటప్పుడు మొదటిదాన్ని కూడా రోడ్డు మీదే నడపవచ్చు కదా, అదే ఎడ్లబండి కదా" అని మీకు అనుమానం రావాలి. మంచి అనుమానమే.

ఎడ్లబండి చక్రం మట్టిరోడ్డులో దిగబడుతుంది. బరువు ఎంత ఎక్కువైతే అంత లోతుగా దిగుతుంది. లాగడానికి అంత బలం కావాలి. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం దిగబడదు, సులువుగా దొర్లుతుంది. అందుకే అదే ఎడ్లు, అదే కంచరగాడిదలు పట్టా మీద ఎన్నో రెట్లు బరువు లాగగలవు. కాబట్టి బరువులో ఎక్కువ భాగం పట్టా మీద పడాలి, రోడ్డు చక్రం మీద చాలా కొద్దిగానే పడాలి. ఈవింగ్ పద్ధతి కిటుకంతా ఇదే.

అది ఎలా సాధ్యమో మీరే చేసి చూడవచ్చు. ఒక పొడుగాటి కర్ర తీసుకోండి. ఇద్దరు స్నేహితులు చెరో కొస పట్టుకోండి. మధ్యలో నీళ్ళ బకెట్టు తగిలించండి. ఇద్దరికీ సమానంగా బరువు తెలుస్తుంది. ఇప్పుడు బకెట్టును ఒకరి దగ్గరకు జరపండి. దగ్గరున్నవాడి చెయ్యి లాగేస్తుంది, దూరంగా ఉన్నవాడికి తేలికైపోతుంది. కర్ర పొడవు పది జానలు, బకెట్టు మొదటివాడికి ఒక్క జాన దూరంలో ఉందనుకోండి. అప్పుడు బకెట్టు బరువులో పదోవంతుల్లో తొమ్మిది మొదటివాడు మోస్తాడు, ఒకటి మాత్రం రెండోవాడు మోస్తాడు. మన ఊళ్ళలో కావడి మోసేవాళ్ళకు, పల్లకి బోయీలకు ఈ లెక్క పుస్తకం లేకుండానే తెలుసు.

ఈవింగ్ బండిలో మొదటివాడు పట్టా, రెండోవాడు రోడ్డు చక్రం, బకెట్టు అంటే బండిలోని సరుకు. సరుకును పట్టాకు దగ్గరగా ఉంచితే రోడ్డు మీద భారం తగ్గిపోతుంది. అందుకే రోడ్డు మామూలుదైనా పని నడుస్తుంది.

లాభాలు ఇంకా ఉన్నాయి. ఒకే పట్టా కాబట్టి ఇనుము ఖర్చు తగ్గుతుంది. రెండు పట్టాల మధ్య దూరం అంగుళం తేడా రాకుండా కాపాడవలసిన పని లేదు. మలుపులు బాగా తిప్పవచ్చు. వేరే భూమి కొనక్కరలేదు, ఉన్న రోడ్డు పక్కనే వేసుకోవచ్చు. మిగిలిన రోడ్డు మీద మామూలు బండ్లు తిరుగుతూనే ఉంటాయి.

ఖరగ్‌పూర్ నుంచి పాటియాలా దాకా

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. నాగపూర్ నుంచి మన బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు ప్రధాన మార్గం 1891కి సిద్ధమైంది. అటు తూర్పు తీరంలో వాల్తేరు నుంచి కటక్ వరకు ఉన్న మార్గం కూడా తరువాత ఈ కంపెనీ చేతికే వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ వంటి రైల్వే ఊళ్ళకు వచ్చి స్థిరపడడానికి కారణం ఈ కంపెనీ పనులే. మీలో కొందరి ముత్తాతలు అలా వచ్చినవాళ్ళే.

ఆ కంపెనీలో పనిచేసిన ఇంజనీరు బౌల్స్. ఖరగ్‌పూర్ పరిసరాల్లో నిర్మాణపు పనులు జరిగేటప్పుడు ఆయన ఈవింగ్ పద్ధతిలో ఒంటి పట్టా వేయించి వాడారు. ఆ అనుభవం ఆయనతో పాటు ప్రయాణం చేసింది. తరువాత ఆయన పంజాబులోని పాటియాలా సంస్థానానికి ఇంజనీరు అయ్యారు. కల్నల్ బౌల్స్ అనే పేరుతోనే చరిత్రలో కనిపిస్తారు. చూశారా, ఒక మనిషి ఉద్యోగం మారితే ఒక ఆలోచన బెంగాలు నుంచి పంజాబుకు బదిలీ అయింది.

పాటియాలా మహారాజా భూపిందర్ సింగ్ కాలంలో, 1907లో ఈ రైలు మొదలైంది. ఒక మార్గం సిర్‌హింద్ నుంచి బస్సీ మీదుగా మొరిండా వైపు, రెండోది పాటియాలా నుంచి సునామ్ వరకు. రెండూ కలిపి దాదాపు 80 కిలోమీటర్లు. యుద్ధం వస్తే పనికొస్తాయని సంస్థానం కంచరగాడిదలను పోషించేది. శాంతి కాలంలో వాటికి పని ఉండదు కదా, వాటిని ఈ బండ్లకు కట్టారు. ఎడ్లను కూడా కట్టారు. తరువాత బెర్లిన్‌లోని ఓరెన్‌స్టైన్ అండ్ కోపెల్ కంపెనీ నుంచి నాలుగు ఆవిరి ఇంజన్లు తెప్పించారు. వాటికి కింద ఒకే వరుసలో మూడు చక్రాలు, పక్కన ఒక పెద్ద రోడ్డు చక్రం. అలాంటి ఇంజనును మీరు ఇంకెక్కడా చూసి ఉండరు.

కేరళలోని మున్నార్ కొండల్లో కూడా 1902లో ఇదే పద్ధతిలో ఒంటి పట్టా వేశారు. తేయాకు పెట్టెలను ఎడ్లు లాగేవి. 1908లో దాని స్థానంలో రెండు అడుగుల వెడల్పు ఉన్న చిన్న రైలు మార్గం వచ్చింది. 1924 వరదల్లో అదీ కొట్టుకుపోయింది. ఇవాళ మున్నార్ వెళ్ళే యాత్రికులు 'టాప్ స్టేషన్' అనే చోటు చూసి వస్తారు. అక్కడ రైలు లేదు, పట్టా లేదు. ఆ పేరు మాత్రం మిగిలింది. ఊరి పేరు కూడా ఒక పాత దస్తావేజే అని గుర్తుంచుకోండి.

అదే కాలంలో ఇంకో ఆలోచన

దాదాపు అదే రోజుల్లో ఇంగ్లండులో లూయీ బ్రెన్నన్ అనే ఆవిష్కర్త ఇంకో రకం ఒంటి పట్టా రైలు తయారుచేశాడు. దానికి పక్క చక్రం లేదు. బండి లోపల రెండు భారీ చక్రాలు నిమిషానికి మూడు వేల సార్లు తిరుగుతూ దాన్ని నిలబెట్టేవి. తిరుగుతున్న బొంగరం పడిపోదు కదా, అదే సూత్రం. 1909లో ఆయన తన బండి మీద 32 మందిని ఎక్కించి నడిపి చూపించాడు. 1910లో లండన్ ప్రదర్శనలో జనం దాన్ని విరగబడి చూశారు.

దానికీ మన దేశంతో సంబంధం ఉంది. వాయవ్య సరిహద్దు ప్రాంతాలకు పనికొస్తుందన్న ఆశతో లండన్‌లోని ఇండియా ఆఫీసు ఆయనకు 6,000 పౌండ్లు, కాశ్మీరు దర్బారు 5,000 పౌండ్లు ఇచ్చాయి. కానీ ఆ బండి ఎక్కడా ప్రయాణికుల మార్గంగా మారలేదు. లోపలి చక్రాలు ఆగితే ఏమవుతుందన్న భయం ఒకటి, వెనుక తగిలించే ప్రతి పెట్టెకూ అలాంటి యంత్రమే పెట్టాలన్న ఖర్చు ఇంకొకటి.

లండన్ చప్పట్లు బొంగరం బండికి దక్కాయి. ఇరవై ఏళ్ళు ధాన్యం, మనుషులను మోసింది మాత్రం పాటియాలా పక్క చక్రం. గొప్ప యంత్రం కంటే ఆ చోటికి, ఆ రోడ్డుకు, ఆ జేబుకు సరిపోయిన యంత్రమే పనిచేస్తుందని ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదివితే తెలుస్తుంది. ఒక్క కథే మిగిలి ఉంటే ఈ సంగతి మనకు తెలిసేది కాదు.

మరుపు, మళ్ళీ దొరకడం

మోటారు బండ్లు వచ్చాయి, రోడ్లు మెరుగుపడ్డాయి. రోడ్డే బాగుంటే ఇంక పట్టా ఎందుకు? 1927లో పాటియాలా రైలు ఆగిపోయింది. పట్టాలు పీకేశారు. ఆ రైలు ఎక్కినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, సంస్థానమే లేకుండా పోయింది.

1962లో పాటియాలాలోని పబ్లిక్ వర్క్స్ శాఖ షెడ్డులో ఆ ఇంజన్ల అవశేషాలు బయటపడ్డాయి. పాత ఇనుము కింద తూకానికి పోయి ఉంటే కథ అక్కడితో ముగిసేది. అదృష్టం, అలా పోలేదు. అమృత్‌సర్‌లోని ఉత్తర రైల్వే వర్క్‌షాపు కార్మికులు ఒక ఇంజనును బాగుచేసి మళ్ళీ నడిచేలా చేశారు. అది ఇవాళ ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. దాని పక్కన ఇంజనీరు తనిఖీకి తిరిగే పెట్టె ఒకటి ఉంటుంది. దాని అడుగు చట్రం పాతది, పైభాగం కొత్తగా కట్టింది. సెలవుల్లో ఢిల్లీ వెళ్తే తప్పక చూడండి. ఏది అసలుది, ఏది తరువాత చేసింది అని అడగడం పరిశోధనలో మొదటి ప్రశ్న. ఆ ప్రశ్న అక్కడే అడిగి చూడండి.

ఇంజను ఇనుముతో చేసింది కాబట్టి ముప్పై అయిదేళ్ళు షెడ్డులో పడి ఉన్నా నిలిచింది. కాగితం అలా నిలవదు. వాన, చెదలు, తూకం మూడూ దానికి శత్రువులే.

కాగితాలు ఎక్కడ ఉంటాయి?

మరిచిపోయిన ఆవిష్కర్త గురించి వెతకాలంటే మూడు చోట్లు ముఖ్యం.

మొదటిది పేటెంటు కార్యాలయం. కొత్త యంత్రం కనిపెట్టినవాడికి కొన్నేళ్ళ పాటు దాని మీద హక్కు ఇస్తారు. ఇప్పుడు మన దేశంలో 20 ఏళ్ళు. దానికి బదులుగా అతను తన యంత్రం ఎలా పనిచేస్తుందో బొమ్మలతో సహా పూర్తిగా రాసి ఇవ్వాలి. మనిషి పోయినా ఆ రాత మిగులుతుంది. మన దేశంలో ఇలాంటి మొదటి చట్టం 1856లో వచ్చింది. ఆ ఏడాదే కలకత్తాలో జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్ అనే ఇంజనీరు మొదటి దరఖాస్తు పెట్టాడు. దేనికో తెలుసా? పంకా లాగే యంత్రానికి!

రెండోది ప్రభుత్వ పాత పత్రాల భాండాగారం. దీన్నే ఆర్కైవ్స్ అంటారు. ఇది గ్రంథాలయం లాంటిది కాదు. గ్రంథాలయంలో పుస్తకం పోతే ఇంకో ప్రతి ఎక్కడో దొరుకుతుంది. ఇక్కడ ఉండే ఉత్తరం, పటం, ఫైలు లోకంలో అదొక్కటే. అందుకే ఏ కట్టలో వచ్చిన కాగితాన్ని ఆ కట్టలోనే ఉంచుతారు. మన జాతీయ భాండాగారం 1891లో కలకత్తాలో మొదలై తరువాత ఢిల్లీకి మారింది. దాని కాగితాలు ఇప్పుడు 'అభిలేఖ్ పటల్' అనే పోర్టల్ ద్వారా ఇంట్లో కూర్చుని చూడవచ్చు. హైదరాబాదులో తార్నాకలో తెలంగాణ రాష్ట్ర భాండాగారం ఉంది. నిజాం కాలపు కాగితాల కోసం పరిశోధకులు అక్కడికి వెళ్తారు.

మూడోది ఇళ్ళు. దీని గురించి కాసేపట్లో.

వెతికేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. పేర్లు మారిపోతాయి. మన ఊరినే తీసుకోండి. ఊరి పేరు కోటా. స్టేషన్ బోర్డు మీద కార్గి రోడ్. కంప్యూటరులో కోటా అని వెతికితే రాజస్థాన్ కోటా వచ్చి పడుతుంది. బిలాస్‌పూర్ అంటే హిమాచల్‌లో కూడా ఒకటుంది. వాల్తేరు స్టేషన్ విశాఖపట్నం అయింది. ఇక రైల్వే సంగతి చూడండి. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీని 1944లో ప్రభుత్వం తీసుకుంది. 1952లో అది తూర్పు రైల్వేలో కలిసింది. 1955లో ఆగ్నేయ రైల్వేగా విడిపోయింది. 2003 నుంచి మనది బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే. అదే పట్టా, అదే స్టేషన్, పేర్లు మాత్రం నాలుగు. మన లైను గురించిన 1900 నాటి కాగితం కావాలంటే ఇప్పటి పేరుతో వెతికితే దొరకదు. అప్పటి పేరుతో వెతకాలి. అయిదు స్కూళ్ళు మారిన మీ మార్కుల కాగితాలు అయిదు పేర్ల కింద ఉన్నట్టే ఇదీ.

మన ఇళ్ళలో ఉన్న భాండాగారం

నా ఉద్యోగంలో నేను చాలా ఊళ్ళు మారాను. ప్రతి కాలనీలోనూ ఒకే దృశ్యం చూశాను. బదిలీ ఉత్తర్వు వచ్చిన వారంలో క్వార్టరు ముందు కబాడీ బండి ఆగుతుంది. లారీలో చోటు చాలదు కాబట్టి పాత కాగితాలు ముందు బయటికి పోతాయి. పదవీ విరమణ అయితే మరీను. తాతగారి డ్యూటీ డైరీ, పాత టైమ్ టేబుల్, గీసి ఇచ్చిన స్కెచ్చులు, తోటివాళ్ళతో దిగిన ఫోటో, అన్నీ కలిపి కిలోల లెక్క.

ఆవిష్కరణ అంటే పేటెంటు పొందినదే కాదు. పట్టా బీటు తిరిగే కీమన్ బిగుసుకుపోయిన బోల్టు విప్పడానికి కనిపెట్టిన ఉపాయం, లోకో షెడ్డు ఫిట్టరు తన చేత్తో చేసుకున్న పనిముట్టు, భన్వర్‌టోంక్ ఘాటు ఎక్కేటప్పుడు బండి జారకుండా డ్రైవరు పాటించే జాగ్రత్త, ఇవి ఏ కార్యాలయంలోనూ దాఖలు కావు. ఆ మనుషుల నోళ్ళలో, వాళ్ళ డైరీల్లో మాత్రమే ఉంటాయి. ఈవింగ్ పద్ధతి వల్ల బౌల్స్ పేరు మనకు తెలుసు. ఆ పట్టా మోసి వేసిన కూలీల పేర్లు, ఇంజను తోలినవాళ్ళ పేర్లు మనకు ఏ పుస్తకంలోనూ కనబడవు. వాళ్ళలాంటి వాళ్ళ మనవలు మన తరగతుల్లో కూర్చుని ఉన్నారు. అందుకే ఈ పని మీకు చెబుతున్నాను.

ఏం చేయాలి? కష్టమేమీ కాదు.

ఇంట్లో పెద్దవాళ్ళను ఒక గంట కూర్చోబెట్టి అడగండి. "తాతయ్యా, నీ మొదటి పోస్టింగు ఎక్కడ? అప్పుడు పని ఎలా చేసేవాళ్ళు? ఇప్పుడు లేని పనిముట్టు ఏది?" ఈ మూడు ప్రశ్నలు చాలు. ఒకటి అడిగితే పది వస్తాయి. వాళ్ళ మాటలు వాళ్ళ యాసలోనే రాయండి. శ్రీకాకుళం మాటను పుస్తకం భాషలోకి మార్చకండి. ఛత్తీస్‌గఢీ మాట కలిసినా ఉండనివ్వండి.

పాత కాగితం, ఫోటో కనిపిస్తే వెలుతురులో పెట్టి పక్కన స్కేలు ఉంచి ఫోటో తీయండి. వెనుక రాసింది కూడా తీయండి. ఎవరిది, ఏ ఊరు, ఏ ఏడు, ఎవరు చెప్పారు అనేది వెంటనే రాసిపెట్టండి. తేదీ తెలియకపోతే ఊహించి వేయకండి, ఖాళీ వదలండి. ఫోటో మీద పెన్నుతో రాయవద్దు, టేపు అంటించవద్దు. కాపీలు రెండు మూడు చోట్ల ఉంచండి. అసలు ప్రతి మాత్రం ఎవరిదో వారికే తిరిగి ఇవ్వండి. ఇతరులకు చూపించే ముందు వాళ్ళ అనుమతి అడగండి. ఫోన్ నంబర్లు, ఉద్యోగపు నంబర్లు బయట పెట్టవద్దు. ఇంకొక ముఖ్యమైన మాట. పాత వస్తువు కోసమని పట్టాల మీదకు, యార్డులోకి ఎవరూ వెళ్ళకూడదు. మన పరిశోధన ఇంటి వరండాలోనే జరగాలి.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి తెలుగు పిల్లలు దసరా సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్కో పెద్దమనిషి మాటలు రెండు పేజీల్లో రాసి తెండి. తెలుగు రాయడం ఇంకా కష్టంగా ఉన్నవాళ్ళు చెప్పండి, నేను పక్కన కూర్చుని రాయిస్తాను. అన్నీ కలిపి కుట్టి బడి గ్రంథాలయంలో ఒక ప్రతి పెడదాం. వచ్చే ఏడాది మీలో కొందరు ఇక్కడ ఉండరు, నేనూ ఉండకపోవచ్చు. ఆ ప్రతి మాత్రం ఇక్కడే ఉంటుంది. ప్రతి రచన కింద మీ పేరు, తరగతి, చెప్పినవారి అనుమతితో వారి పేరు, తేదీ, ఊరు రాయడం మరవకండి. ఊరి దగ్గర కోటా అనీ, కార్గి రోడ్ అనీ రెండూ రాయండి.